ఏరు యాడ దాకా వచ్చినాది?

బాగున్నావా అని ఆయన నన్ను ఒక్కనాడూ అడిగి ఎరగడు. పెళ్ళాం బిడ్డలు ఎట్లున్నారనీ అడగలేదు. నేను బస్సు దిగడం కనబడితే చాలు, సలికె, అదే పార, భుజాన వేసుకుని ఎదురొచ్చి ఒకే ఒక్క మాట అడిగేవాడు: “ఏరు యాడ దాకా వచ్చినాది సారూ?”

ఏరంటే పెన్న. నేను హిందూపురం నుంచి వంతెన దాటి వస్తాను గనుక, ఏటి సంగతి నాకు తెలిసి ఉంటుందని ఆయన లెక్క. మండు వేసవిలో, ఏట్లో మేకలు పడుకుని నెమరేసే రోజుల్లో కూడా అదే ప్రశ్న. మొదటిసారి నాకు ఒళ్ళు మండింది. ఎండలో ఇంకా రెండు కిలోమీటర్లు నడవాల్సినవాణ్ణి. “ఏరెక్కడిది తాతా, ఇసక ఉండాది ఆడ. రాలేదు” అన్నాను.

ఆయన ముఖం ముడుచుకుపోయింది. “రాలేదు అనగూడదు సారూ. వస్తాండాది అనల్ల.”

ఇంట్లో బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం. దీపం ఆరిపోతే కొండెక్కిందంటాం. ఆయన ఏటికి కూడా ఆ మర్యాద జరగాలనుకున్నాడు. ముసలాయన చాదస్తం అనుకుని నేను నవ్వి ఊరుకున్నాను.

మొన్న పెనుకొండ ఆఫీసులో ఉండగా ఆ ఊరి నుంచి ఫోను వచ్చింది. “నీరుగంటి తాత పోయినాడు సార్. పొద్దున టీ తాగి, సలికె తీసుకొని గడప దాటినాడంట. అంతే.” ఫోను పెట్టేశాక నాకు మొదట ఏడుపు రాలేదు. ఆ సలికె ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో అనిపించింది. ఏడుపు తర్వాత వచ్చింది, మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నప్పుడు.

ఊరంతా ఆయన్ను నీరుగంటి అనే పిలిచేది. అసలు పేరు రేషన్ కార్డులో ఉండేదేమో, నేను రికార్డుల మనిషినై ఉండీ ఎన్నడూ చూడలేదు. నీరుగంటి అంటే చెరువు నీళ్ళను మళ్ళకు వంతుల ప్రకారం పారించేవాడు. తూము తీసేదీ, మూసేదీ, కాలువ గట్టు తెగితే పూడ్చేదీ అతనే. తాత ముత్తాతల నుంచి ఆ ఇంటి పని అది. తీరా నేను చూసేనాటికి ఆ చెరువులో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు.

నీళ్ళు లేని నీరుగంటి అంటే ఊరికి ఎగతాళే కదా. అరుగు మీద కూర్చున్నవాళ్ళు, “ఏమప్పా నీరుగంటీ, ఈ పొద్దు ఎవురి మడికి పారిస్తాండావు?” అని కదిపేవారు. ఆయన ఆగకుండానే, “నీ మడికే. కాలు పైకి తీసుకో, తడుస్తాది” అని పోయేవాడు. ఒకటి రెండుసార్లు నిజంగానే కాళ్ళు పైకి తీసుకున్నవాళ్ళను చూశాను.

ఆ సలికె లేకుండా ఆయన్ను చూసినవాళ్ళు లేరు. పెళ్ళికి పోయినా, బ్యాంకుకు పోయినా భుజం మీద అది ఉండాల్సిందే. పట్టి పట్టి కర్ర నున్నగా మెరిసేది. ఒకసారి కంటి ఆపరేషన్‌కు పుట్టపర్తి పోతూ బస్సెక్కితే కండక్టరు, “దానికి గూడా టికెట్ తీస్తావా తాతా?” అని పరాచికమాడాడు. “తీస్తా. సీటు ఇస్తావా మరి?” అని ఈయన. ఆసుపత్రి వాళ్ళు లోపలికి తీసుకురావద్దంటే, గేటు దగ్గర వాచ్‌మన్‌కు అప్పజెప్పి, తాను వచ్చేదాకా దాన్ని నేలకు ఆనించకుండా పట్టుకొమ్మన్నాడట. ఆ వాచ్‌మన్ ఎంతసేపు పట్టుకున్నాడో నాకు తెలియదు.

నడిచేటప్పుడు చూపు ఎప్పుడూ నేల మీదే. మనుషుల్ని కాళ్ళను బట్టి గుర్తుపట్టేవాడు. నేను కొత్త బూట్లు వేసుకుని పోయిన రోజు నా పక్కనుంచే దాటిపోయాడు. ఏట్లో దిగితే మాత్రం ఒక గుంత తీసి, అడుగు నుంచి గుప్పెడు ఇసక ఎత్తి, జొరం చూసినట్టు చెంపకు ఆనించుకునేవాడు. “చల్లగుండాది. కింద నడుస్తాండాది” అనేవాడు. నేనూ ఒకసారి ఆనించుకున్నాను. నాకు ఇసకలాగే తగిలింది.

ఆయన అక్కను గౌరిబిదనూరు దగ్గర ఇచ్చారు. పెన్న ఆ పైన నంది కొండల్లో పుట్టి, ఆ ఊళ్ళ మీదుగానే మా వైపు దిగుతుంది. ఎక్కడ మబ్బు కమ్మినా, మర్నాడు పొద్దున్నే ఈయన చిన్న ఫోను తీసి బావకు కన్నడంలో కేకలు పెట్టేవాడు. “భావా, హొళె బంతా?” ఏరు వచ్చిందా అని. అవతలాయన ‘ఇన్నూ ఇల్ల’, ఇంకా లేదు అనేవాడు. ఈయన ఫోను జేబులో పెట్టుకుని మా వైపు తిరిగి, “బయల్దేరే పనిలో ఉండాదంట” అని చెప్పేవాడు.

ఏటి గురించి ఆయన చెప్పిన చరిత్ర నాలుగు మాటల్లో అయిపోతుంది. “మా తాత పుట్టిలో దాటినాడు. మా నాయన పంచె ఎగ్గట్టుకొని దాటినాడు. నేను చెప్పులు ఇడిసి దాటినా. నువ్వు బస్సులో దాటుతాండావు.” మరి ఏరు ఏమైందని అడిగితే, “లారీలెక్కి బెంగుళూరు పోయినాది. ఆడ ఐదో అంతస్తులో ఉండాది సారూ, మన ఇసక” అనేవాడు. ఆ మాటలో కోపం ఉండేది, కాని తర్వాత ఒక చిన్న నవ్వు కూడా ఉండేది.

నేను సర్వేయర్ని. భూముల రీసర్వే అని ఊరూరూ తిరిగిన రోజుల్లో ఆ ఊరు నాకు పడింది. ఏటి పక్కన పెద్ద శెనక్కాయ చేను ఒకటి ఉంది. దాని ఆసామి ఊళ్ళో పెద్ద రైతు, మాట గట్టి మనిషి, చెయ్యి కూడా పెద్దది. నా దగ్గరున్న పాత పటంలో ఆ చేను నడుమ నుంచి రెండు సన్న గీతలు పోతున్నాయి. పక్కన ‘ఊటకాలువ’ అని రాసి ఉంది. నేల మీద చూస్తే కాలువ లేదు సరికదా, చిన్న పల్లం కూడా లేదు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఒకే పచ్చదనం.

ఊటకాలువ సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. పెన్నలో పైన నీళ్ళు కనబడకపోయినా ఇసక కింద ఊట నడుస్తుంది. పూర్వం వాళ్ళు ఏటి ఇసకలో కాలువ తవ్వి, ఆ ఊటను పట్టి, వాలు చూసుకుంటూ మైళ్ళ దూరం తెచ్చి చెరువులో కలిపారు. ఏరు పారితే ఏటి నీళ్ళు, పారకపోతే ఊట నీళ్ళు. ఏటేటా ఉగాది కాగానే ఇంటికొక మనిషి సలికె పట్టుకుని పోయి పూడిక తీయాలని కట్టడి. బోర్లు వచ్చాక ఊట కిందికి దిగిపోయింది. ఊరు ఆ పని మానుకుంది. నీరుగంటి మానుకోలేదు. ప్రతి వేసవీ ఏటి దగ్గర నుంచి ఈ చేను గట్టు దాకా ఒక్కడే సీమజాలి కంప కొట్టి, పూడిక తీసి వచ్చేవాడు. చేను గట్టు దగ్గర సలికె పైకెత్తుకుని, చేన్లో ఒక్క పెళ్ళ కదిలించకుండా నడిచి, అవతల మళ్ళీ దించేవాడు.

ఇదంతా నాకు అప్పటికి తెలియదు. మధ్యాహ్నం అయింది. ఆసామి ఇంట్లో రాగిసంగటి, నాటుకోడి పులుసు సిద్ధంగా ఉన్నాయని కబురొచ్చింది. ఆ సంగటి నాకు న్యాయాన్యాయాలు మరిపించిందని అనను గాని, తొందర పెట్టిన మాట నిజం. గట్టు మీద నిలబడి చూసి, ‘కాలువ ఆనవాలు లేదు’ అని రాసి, చేనంతా ఆసామి పేర ఎక్కించేశాను.

భోజనం చేసి తిరిగి వస్తుంటే చేను నడుమ నీరుగంటి నిలబడి ఉన్నాడు.

“సారూ, కాలువ రాసుకుంటివా?”

“ఏ కాలువ తాతా?”

“నువ్వు తొక్కుతాండావే, అది. చెప్పులిప్పు సారూ. కాలువలో చెప్పులేసుకొని నడిచేది మర్యాద కాదు.”

నవ్వొచ్చింది. అయినా పెద్దవాడు కదా అని విప్పాను. ఆయన శెనక్కాయ సాళ్ళ నడుమ, ఒక్క చెట్టుకూ వేరు తగలకుండా, మోకాటి లోతు గుంత తీశాడు. అడుగు మట్టిని అరచేతిలో వేసి వేళ్ళతో నలిపాడు. తెల్లటి నత్తగుల్లలు నాలుగు బయటపడ్డాయి.

“శెనక్కాయ చేన్లో నత్తకి ఏం పని సారూ?”

ఇరవై అడుగులు ముందుకు పోయి ఇంకో గుంత. అక్కడా గుల్లలే. పక్కకు పది అడుగులు జరిగి తీస్తే వట్టి ఎర్రమట్టి. మళ్ళీ వరసలోకి వచ్చి తీస్తే గుల్లలు, ఒక ఎండ్రకాయ డెక్క. “ఆ కానుగ చెట్లు చూడు” అని చెయ్యి చాపాడు. చేనుకు అవతల రెండు వరసల కానుగలు, నడుమ దారి విడిచి చెరువు వైపు పోతున్నాయి. “వాటిని ఎవురూ నాటలేదు. కాలువ నీళ్ళు తాగను వచ్చి నిలబడినాయి.” నా దగ్గర రోవర్ ఉంది. కర్రకు బిగించిన యంత్రం అది, మనం నిలబడ్డ చోటును ఉపగ్రహాలను అడిగి చెబుతుంది. ఆయన తీసిన గుంతలన్నిటి దగ్గరా పెట్టి చూశాను. ఒక్కటి తప్పకుండా అన్నీ పాత పటంలోని రెండు గీతల మధ్య పడ్డాయి.

నాకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ భయమేసింది. రాసింది దిద్దాలంటే గట్టు మీద నిలబడి రాశానని పైవాళ్ళ ముందు ఒప్పుకోవాలి. ఆసామితో విరోధం సరేసరి. తాత నా ముఖం చూడలేదు. నా పాదాలు చూస్తూ అన్నాడు:

“మట్టి పడి పూడిపోతే నేను మళ్ళా తీస్తా సారూ. నువ్వు కాయితంలో పూడిస్తివంటే, ఏ సలికెతో తీయల్ల?”

ఇంతలో ఆసామి వచ్చాడు. గుంతలు చూసి కళ్ళెర్రజేశాడు. “ఏం సారూ, చెయ్యి గూడా ఆరల్యా, అప్పుడే మాట మారిపాయనే! ఏరు వచ్చి ఎన్నేండ్లాయ? లేని నీళ్ళకి ఉన్న చేను ఇయ్యమంటావా?”

నీరుగంటే జవాబు చెప్పాడు. “నాయనా, నిన్ను చేను ఇడిసిపెట్టమన్లేదు. దున్నుకో, శెనక్కాయ ఏసుకో, తిను. ఏరు వచ్చేదాకా నీ దగ్గరే ఉండనీ. కాయితంలో మాత్రం ఏటిది ఏటికి రాయనీ.”

“వచ్చినప్పుడు చూస్తాంలే” అని ఆసామి విసురుగా పోయాడు. నేను దిద్దాను. తిట్లు తిన్నాను. కాలువకు రెండు పక్కలా రాళ్ళు నాటించాను. నీరుగంటి ప్రతి రాయికీ పసుపు పూసి, పూసిన చెయ్యి తన తలకే తుడుచుకున్నాడు. ఆసామి ఇంట్లో సంగటి మాత్రం ఆ తర్వాత నాకు పుట్టలేదు.

తర్వాత నన్ను ధర్మవరం మార్చారు, ఇల్లు మాత్రం హిందూపురంలోనే. చెప్పిపోదామని వెళితే, “ఆడ ఏ ఏరు?” అని అడిగాడు. చిత్రావతి అన్నాను. “ఆయమ్మ గూడా పోయి పోయి మన పెన్నలోనే కలుస్తాది. సరే, పోయి రా” అని అనుమతిచ్చాడు. అప్పుడప్పుడు ఫోను చేసేవాడు. ప్రశ్న మీకు తెలిసిందే.

ఒక ఏడు ముసురు పట్టి వదల్లేదు. ఒకనాడు తెల్లవారుతుండగా ఫోను. ఎత్తగానే చెవి పగిలిపోయే కేక: “సారూ, హొళె బంతు! హొళె బంతు!” సంతోషంలో నాకు తెలుగులో చెప్పాలన్న సంగతే మరిచిపోయాడు. ఆ రోజు సెలవు పెట్టి బస్సెక్కాను.

వంతెన మీద జనం. ఒడ్డు నుంచి ఒడ్డుకు ఎర్రటి నీళ్ళు, మధ్యలో చెట్లు కొట్టుకొస్తున్నాయి. ఆడవాళ్ళు పసుపు కుంకుమ చల్లుతున్నారు. మేకలు పడుకునే చోటు ఎక్కడుండేదో నాకు గుర్తుపట్టడం కష్టమైంది. పుట్టి బుద్ధెరిగి నేను పెన్నను నీళ్ళతో చూడటం అదే. ఎవరో తెలియని ముసలామె చెయ్యి పట్టుకుని నిలబడ్డాను.

ఊళ్ళోకి పోయేసరికి కాలువ పారుతోంది. నీరుగంటి ఏటేటా ఒంటరిగా తీసిన దారిలో నీళ్ళు తప్పిపోకుండా వచ్చి, ఆసామి చేను గట్టు దగ్గర ఆగి, దారి దొరక్క అటూ ఇటూ పొర్లుతున్నాయి. చేన్లో పీకిన శెనక్కాయ కుప్పలు వేసి ఉన్నాయి. ఇంకో గంట ఆగితే అన్నీ తేలిపోతాయి. ఆసామి జేసీబీ పిలిపించుకుని, మట్టిలో కూరుకుపోయిన రాళ్ళు కనబడక, ఎటు తవ్వించాలో తెలియక గట్టు మీద పరుగులు పెడుతున్నాడు. నీరుగంటిని చూడగానే రెండు చేతులూ పట్టుకున్నాడు.

“యాడ తవ్వల్లో చూపీ అప్పా. నీ కాళ్ళు మొక్కుతా.”

ఎంత మాటైనా అనొచ్చు ఆ సమయంలో. నేనైతే అనేవాణ్ణే. ఆయన మాత్రం చెప్పులు విప్పి గట్టు మీద పెట్టి, పసుపు మాసిన రాళ్ళను కాలితో తడుముకుంటూ వాటి మధ్య నడిచాడు. వెనక జేసీబీ, దాని వెనక నీళ్ళు. కుప్పలు ఒకటి తప్ప అన్నీ దక్కాయి. పొద్దు వాలేసరికి నీళ్ళు కానుగల నడుమ నుంచి పోయి చెరువులో పడ్డాయి. పిల్లల వికెట్లు మూడూ తేలుకుంటూ గట్టుకు కొట్టుకొచ్చాయి.

జనమంతా కేకలు పెడుతుంటే ఆయన చెరువు అంచున కూర్చుని సలికె కడిగాడు. కడిగి గట్టు మీద పడుకోబెట్టాడు. అది నేల మీద ఉండగా చూడటం నాకు అదే మొదలు, అదే కడ. ఆయన పక్కన కూర్చున్నాను. ఎక్కడో కప్ప ఒకటి అరిచింది. ఇన్నేళ్ళూ మట్టిలో ఏం తిని బతికిందో. “ఇనపడిందా? అది గూడా రాలేదు అన్లేదు సారూ” అన్నాడు. ఆయన నా కళ్ళలోకి సూటిగా చూసింది ఆ రోజే. ఆపరేషన్ చేసిన కన్ను కొంచెం ఎక్కువ మెరుస్తోంది.

కొన్ని వారాలకు చెరువు నిండి మరవ, అంటే అలుగు, పారింది. కొంగలు వచ్చాయి, లకుముకి పిట్ట వచ్చింది, కాలువ మీది కొమ్మలకు గిజిగాళ్ళు గూళ్ళు వేలాడదీశాయి. ఊరు ఆయన్ను మళ్ళీ నీరుగంటీ అని పిలిచింది, ఈసారి అవసరంతో. ఆసామి మడి తూము పక్కనే. మొదటి వంతు తనదే అనుకున్నాడు. నీరుగంటి కొసన ఉన్న చిన్న మళ్ళకు ముందు పారించాడు. ఆసామి గొణిగితే, “నీ మడి నీళ్ళ మొగం దినామూ చూస్తాంటాది. కొసనున్నోడికి నీళ్ళు ఎట్లుంటాయో తెలీదు. వాడు ముందు” అన్నాడు. ఆసామి అయిదు రోజులు ఓపిక పట్టాడు. పట్టకేం చేస్తాడు!

రెండు మూడేళ్ళు అట్లా గడిచి మళ్ళీ వానలు మొహం చాటేశాయి. చెరువు అడుగంటింది. ఆయన మళ్ళీ వేసవి వేసవికీ కాలువ తీయడం, నేను పెనుకొండకు మారాక కూడా, వెళ్ళినప్పుడల్లా బస్సు దగ్గరికొచ్చి నన్ను అడగడం. ఈసారి అరుగు మీదివాళ్ళు ఎగతాళి చేయలేదు.

దినాలనాడు హిందూపురం నుంచి పొద్దున్నే బయల్దేరాను. వంతెన కింద ఇసక. ఒక మడుగులో చారెడు నీళ్ళు, రెండు కొంగలు. మేకలు వాటి చోటుకు అవి వచ్చేశాయి. బస్సు దిగితే ఎదురొచ్చేవాళ్ళు లేరు. ఒక్క నిమిషం నిలబడ్డాను, ఊరికే. ఆ ఇంట్లో వాళ్ళను పలకరించి, కాళ్ళు లాక్కుపోతే కాలువ వైపు నడిచాను.

రాళ్ళు ఉన్నాయి. వాటి మధ్య, లుంగీ ఎగ్గట్టుకుని, ఆసామి సీమజాలి కంప కొడుతున్నాడు. పక్కన గట్టుకు ఆనించి ఉంది ఆ సలికె. దూరంగా ఏటి వైపు ఇంకో నలుగురు పూడిక తీస్తున్నారు.

నన్ను చూసి చెమట తుడుచుకున్నాడు. “వాళ్ళ కోడలు తెచ్చిచ్చినాది సార్. నీకే ఇయ్యమని మామ ఎప్పుడో చెప్పిపెట్టినాడప్పా అన్నాది. ఇది నన్ను తిట్టినట్లా, నమ్మినట్లా, నువ్వు చెప్పు.”

నేను వంగి ఆ సలికె కర్రను తడిమాను. అదే నునుపు.

“ఇంటికొక మనిషి రావల్ల అని చాటించినా. నలుగురు వచ్చినారు. పోయినేడు ఆయప్ప ఒక్కడే గదా. నాతో కలిపి ఐదింతలాయ” అని తనే నవ్వాడు. సలికె అందుకున్నాడు. దించబోయి ఆగి, నా బూట్ల వైపు చూశాడు.

“సారూ, నువ్వు హిందూపురం నుంచి గదా వచ్చింది? ఏరు యాడ దాకా వచ్చినాది?”

గంట కింద కళ్ళారా చూసి వచ్చాను. ఇసక, రెండు కొంగలు, మేకలు.

“వస్తాండాది” అని, గట్టు మీద కూర్చుని బూట్లు విప్పడం మొదలుపెట్టాను.